ట్రెడ్‌మిల్ వాయిదా కట్టే ముందు

ప్రశ్న: మాది కర్నూలు. నాకు 39 ఏళ్లు. ఓర్వకల్లు దగ్గర ఒక కంపెనీలో స్టోర్స్ విభాగంలో పని, చేతికి 46,000 వస్తుంది. భార్యకు 35, పిల్లలకు 11, 7 ఏళ్లు. నాన్నకు 71, బీపీ, షుగర్ ఉన్నాయి. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నాకు హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. అలవాట్లు మార్చుకోమన్నారు డాక్టరు. ఇంటిల్లిపాదీ మారదామని నెలకు 6,000 అనుకున్నాం: ట్రెడ్‌మిల్ వాయిదా 3,500 (12 నెలలు), ప్రొటీన్ పొడి, ఓట్స్ 1,700, ఏటా ఫుల్ బాడీ చెకప్ కోసం 800. కంపెనీ గ్రూప్ పాలసీ 3 లక్షలకు ఉంది, నాన్న అందులో లేరు. నూనె నెలకు 6 లీటర్లు అవుతోంది. రోజుకు ఐదు సిగరెట్లు తాగుతాను, తగ్గిస్తున్నాను. ఈ డబ్బును ఇంతకన్నా బాగా వాడుకోవచ్చా?

జవాబు: ట్రెడ్‌మిల్ ఇంకా బుక్ చేయకపోతే ఆగండి. అన్నిటికన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు మీ జాబితాలోనే లేదు. అది మీ సొంత ఆరోగ్య బీమా.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ అంటారు. 6.5, ఆపైన వస్తే డయాబెటిస్. వైద్యంలో ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు గానీ బీమాలో చాలా పెద్దది. ఇవాళ ఉన్న రిపోర్టు ఉన్నట్టు చూపించి పాలసీ తీసుకున్నారనుకోండి. రెండేళ్ల తర్వాత షుగర్ వచ్చినా అది పాలసీ మొదలయ్యాక వచ్చిన జబ్బే అవుతుంది. షుగర్ వచ్చాక పాలసీకి వెళితే మాత్రం 'ముందే ఉన్న జబ్బు' కింద రాసుకుని 36 నెలల దాకా దానికి క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గడువు 48 నెలలు ఉండేది. మీ 6.1 చూసి ఇప్పుడే ప్రీమియం కొంత పెంచవచ్చు, క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ గడువు ఏదో ఒకటి పెట్టవచ్చు. పెట్టనివ్వండి. ఆ గడువు ఎప్పుడో మొదలయ్యే బదులు ఇవాళే మొదలవుతుంది.

'క్యాంపు రిపోర్టే కదా, ఫారంలో రాయనక్కర్లేదు' అనే ఏజెంట్లు ఉంటారు. వినకండి. అది ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు 'షుగర్ ఎప్పట్నుంచి?' అని అడుగుతారు. కంగారులో ఇంట్లోవాళ్లు 'మూడేళ్ల నుంచి బార్డర్‌లో ఉంది సార్' అనేస్తారు. ఆ ముక్క కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. బీమా కంపెనీ మొదట తెప్పించుకునేది ఆ కేస్ షీటే. ఐదేళ్లు ఆపకుండా ప్రీమియం కడితే ఆ తర్వాత, మోసమని రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. కానీ జబ్బు ఐదేళ్లు ఆగి రాదు కదా.

కంపెనీ పాలసీ ఉంది కదా అంటారేమో. ఉద్యోగం పోయినా, మారినా ఆ రక్షణ అక్కడితో సరి. పైగా గ్రూప్ పాలసీల్లో చాలావాటికి గది అద్దె పరిమితి ఉంటుంది. మీ హెచ్ఆర్‌ను ఇదొక్కటి తప్పక అడగండి. బీమా మొత్తంలో ఒక శాతం అని ఉంటే రోజుకు 3,000 గది వరకే. మీరు 6,000 గదిలో చేరితే గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లోనూ సగమే ఇస్తారు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లకు ఈ కోత వేయకూడదు. డిశ్చార్జి రోజు బిల్లులో అవి కూడా కోశారేమో చూసుకోండి.

మీ నలుగురూ కలిసి వాడుకునేలా 5 లక్షల ఫ్లోటర్ పాలసీ, దానిమీద 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్-అప్ ఒకటి తీసుకోండి. రెండింటికీ కలిపి నెలకు 2,000 చొప్పున పక్కన పెట్టి, ఏటా ఒకేసారి కట్టేయండి. గది అద్దె పరిమితి, కో-పే (బిల్లులో కొంత వాటా మీరే కట్టాలనే షరతు) లేనివే చూడండి. రోజుకు పదివేల అడుగులు నడిస్తే డిస్కౌంట్ ఇస్తామనేవి కూడా ఉన్నాయి. ఉంటే మంచిదే గానీ దాన్ని చూసి పాలసీ ఎంచుకోకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి పాత కొటేషన్లు పట్టుకుని లెక్క వేయకండి. ఆరోగ్య బీమా ప్రీమియానికి ఆదాయపు పన్నులో '80డి కింద పన్ను ఆదా' అన్న మాట కూడా మీకు వర్తించదు. మీ జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు, ఆ విధానంలో 80డి మినహాయింపూ లేదు.

నాన్నగారిని ఈ ఫ్లోటర్‌లో కలపకండి. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసును బట్టి కడతారు, అందరిదీ పెరిగిపోతుంది. ఆయనకు 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత చికిత్స ఉంది. చిక్కల్లా ఆధార్‌లోనే. వయసు అందులో ఉన్న పుట్టిన తేదీ ప్రకారమే లెక్కిస్తారు. ఆ తరం వాళ్లలో చాలామందికి ఆధార్‌లో అంచనా తేదీ పడి ఉంటుంది, నిజం వయసు 71 అయినా కార్డులో 68 ఉండొచ్చు. ముందు అది చూడండి. ఎన్టీఆర్ వైద్య సేవకు మీ కుటుంబం అర్హమో కాదో మీరు రాయలేదు, అదీ కనుక్కోండి. ఆయన నెలవారీ బీపీ, షుగర్ మాత్రలు జన ఔషధి దుకాణంలో సగం ధరలోపే దొరికే అవకాశం ఎక్కువ. చీటీ మీద బ్రాండు పేరు కాకుండా మందు పేరు, మిల్లీగ్రాములు డాక్టరు చేత రాయించుకుని వెళ్లండి. మిల్లీగ్రాములు తేడా వస్తే ఆదా అంతా ఆసుపత్రికి పోతుంది.

ఇక వంటింటి సంగతి. ఆరోగ్యంగా తినడం ఖర్చు అనుకుంటాం గానీ మీ నూనె లెక్క చూస్తే మీ ఇంట్లో అది ఆదా. పెద్దవాళ్లకు రోజుకు పాతిక గ్రాముల నూనె అనుకుంటే మీ ఐదుగురికి నెలకు నాలుగు లీటర్లు చాలు. రెండు లీటర్లు ఎక్కువ వాడుతున్నారు. డబ్బాలోంచి నేరుగా బాండలిలోకి ఒంపితే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ప్రతి ఆదివారం పొద్దున్నే లీటరు సీసా ఒకటి నింపి పొయ్యి దగ్గర పెట్టండి, వారమంతా అందులోంచే. మొదటి రెండు వారాలు శుక్రవారానికే ఖాళీ అవుతుంది. ఎక్కడ పోయిందో అప్పుడు కనిపిస్తుంది: ఆదివారం ఉగ్గానిలోకి వేసిన మిరపకాయ బజ్జీలు, ఉర్లగడ్డ వేపుడు. బజ్జీలు మానమని కాదు, నెలకు రెండు ఆదివారాలు చేసుకోండి. వేయించగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు. ఉప్పు కూడా ఇలాగే చూడండి. మనిషికి రోజుకు 5 గ్రాములు అంటే ఐదుగురికి నెలకు ముప్పావు కిలో, అందులోనే పచ్చడి, అప్పడం, మిక్స్చర్ ఉప్పు కూడా కలిసి. నాన్నగారి బీపీకి ఇదే ముఖ్యం.

కొర్రలు, రాగులు కొనేటప్పుడు చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. బియ్యం మూట మామూలుగానే వస్తుంది, కొర్రలు అదనంగా వస్తాయి. నెల తర్వాత డబ్బాలో పురుగు పడుతుంది. ఐదు కిలోల బియ్యం తగ్గిస్తేనే నాలుగు కిలోల కొర్రలు, రాగులు తెచ్చుకోండి. కొర్రలు కనీసం రెండు గంటలు నానబెట్టి వండితే పిల్లలు వంక పెట్టరు. సంగటి మంచిదని రెండు ముద్దలు లాగిస్తే మాత్రం ఒంట్లో చక్కెరకు అది రాగి అని తెలియదు. చిన్న ముద్ద, దాని పక్కన పప్పో, ఉలవల కూరో, ఆకుకూరో ఎక్కువగా ఉండాలి.

ప్రొటీన్ పొడి ఆపేయండి. వంద గ్రాముల శెనక్కాయల్లో పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, ఒక గుడ్డులో ఆరు. నెలకు 90 గుడ్లు, రెండు కిలోల శెనక్కాయలు తెచ్చుకున్నా మీరు పొడికి, ఓట్స్‌కి అనుకున్న 1,700 అవదు. శెనక్కాయలు గుప్పెడే సుమా, పొడి చేసి ప్రతి కూరలో చల్లితే మళ్లీ నూనె లెక్కే. షుగర్ ఉన్న నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా ప్రొటీన్ పొడి అసలు ఇవ్వకూడదు. కూరగాయలకు సి.క్యాంప్ రైతు బజార్‌కు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. సూపర్ మార్కెట్‌లో కొంటుంటే బజార్ ధరల బోర్డు ఒకసారి పోల్చి చూడండి.

ఆఫీసు టీ గురించి మీరు రాయలేదు. నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే 32 గ్రాములు. పావు లీటరు కూల్‌డ్రింక్‌లో 26 గ్రాముల దాకా ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకూడదని గుర్తుంటే చాలు. ముందు ఒక్కో చెంచా తగ్గించండి, తర్వాత రెండు టీలు మానండి.

వ్యాయామానికి వారంలో 150 నిమిషాల చురుకైన నడక కావాలి, అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున. కంపెనీ బస్సు దిగే స్టాపుకు కిలోమీటరున్నర ముందే దిగితే అందులో సగం అయిపోతుంది. రాత్రి భోజనం అయ్యాక అందరూ కలిసి పదిహేను నిమిషాలు నడిస్తే మిగతా సగం, తిన్న తర్వాత ఎగిరే షుగర్ కూడా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు సాయంత్రం బస్సు నుంచి నడవడం కుదరదు. అప్పుడు తెల్లవారుజామున ఆరులోపు. మంచి బూట్లకు ఒకసారి 2,000 పెట్టండి, అది ఖర్చు కాదు. వారానికి రెండుసార్లు ఇంట్లోనే గుంజీలు, గోడకు ఆనుకుని పుషప్‌లు చాలు. 42,000 పెట్టి కొన్న ట్రెడ్‌మిల్ నాలుగో నెలకు బట్టలు ఆరేసే దండెం అవుతుంది, వాయిదాలు మాత్రం పన్నెండో నెల దాకా నడుస్తాయి. వడ్డీ లేదని చెప్పే 'నో కాస్ట్' వాయిదా అయినా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది, నగదు కొనుగోలుకు ఇచ్చే తగ్గింపు పోతుంది. జిమ్ ఇష్టమైతే మూడు నెలలు నెలనెలా కట్టి వెళ్లండి, అప్పుడు ఏడాది ఫీజు గురించి ఆలోచించండి.

పరీక్షలకు నెలకు 300 చాలు. ఎనభై పరీక్షల ప్యాకేజీలో మీకు పనికొచ్చేవి ఐదారే: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ ప్రొఫైల్, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ. వీటికి టేపుతో నడుము కొలత కలపండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బీపీ, షుగర్ అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగానే చూస్తారు. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. అందుకే నెలకోసారి చేయించుకుని దిగులు పడటంలో అర్థం లేదు. మూడు నెలలకు ఒకసారి, తగ్గాక ఆరు నెలలకు.

కాబట్టి మీ 6,000లో బీమాకు 2,000, గుడ్లు, కూరగాయలు, కొర్రలకు 1,200, పరీక్షలకు 300. మిగిలిన 2,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. బీమా కంపెనీయే నేరుగా బిల్లు కట్టే క్యాష్‌లెస్ ఉన్నా ఆసుపత్రిలో చేరేటప్పుడు అడ్వాన్స్ అడిగేవాళ్లున్నారు, పాలసీలో రాని వస్తువుల బిల్లూ ఉంటుంది.

చివర్లో ఒక్క వాక్యంలో దాటేసిన సిగరెట్ల దగ్గరికి వద్దాం. ఒకటి 18 రూపాయలు అనుకున్నా నెలకు 2,700, ఏడాదికి 32,400. మీ కుటుంబం మొత్తం ఆరోగ్య బీమా కన్నా అది ఎక్కువ. దానికితోడు ప్రపోజల్ ఫారంలో పొగాకు ప్రశ్న ఉంటుంది. రోజుకు ఐదని ఉన్నది ఉన్నట్టు రాయండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకున్నా ప్రీమియం పొగతాగేవాళ్లకు బాగా ఎక్కువ, పూర్తిగా మాని ఏడాది దాటితే సాధారణంగా తక్కువ రేటు అడగొచ్చు. 'తగ్గిస్తున్నాను' అన్నది ఏ ఫారంలోనూ గడి కాదు. మానడానికి సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితమే. నెంబరు మీ జేబులోని పెట్టె మీదే ఉంటుంది.

పాలసీ చేతికి వచ్చాక దాంతోపాటు మీ ప్రపోజల్ ఫారం కాపీ వచ్చిందో లేదో చూడండి. అందులో 6.1 సంగతి, సిగరెట్ల సంగతి మీరు చెప్పినట్టే ఉందా, ఏజెంటు 'లేదు' అని టిక్ పెట్టాడా అన్నది చదవండి. తప్పుంటే వెంటనే ఈమెయిల్ ద్వారా సరిచేయించండి. నచ్చకపోతే పాలసీ అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు.