వాక్యూమ్ కాలమ్ ఎందుకంటే

తమ్ముడూ, రిఫైనరీలో క్రూడ్‌ని (ముడి చమురుని) దాదాపు మామూలు గాలి పీడనంలోనే మరిగించి భాగాలుగా విడదీసే టవర్, అంటే అట్మాస్ఫియరిక్ కాలమ్, అడుగున మరగకుండా మిగిలిన బరువైన నూనెని (రెసిడ్యూని) ఇంకాస్త వేడి చేస్తే సరిపోదా, తక్కువ పీడనంలో పనిచేసే వాక్యూమ్ కాలమ్ దేనికి అని అడిగావు. చిక్కంతా అక్కడే ఉంది. ఫర్నేస్‌లో క్రూడ్‌ని దాదాపు 350–370 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు, ఇంకా పెంచుకుంటూ పోతే బరువైన అణువులు మరగడానికి బదులు విరిగిపోతాయి, ఫర్నేస్ ట్యూబుల లోపల బొగ్గులాంటి కోక్ గట్టిగా పేరుకుంటుంది, దాంతో వేడి నూనెకి అందక ట్యూబు గోడే ఎర్రగా కాలి చివరికి పగిలే ప్రమాదం కూడా ఉంది. అందుకే వేడి బదులు ఒత్తిడి మీద పని చేస్తారు. కొండ మీద నీళ్లు 100 డిగ్రీలకి ముందే మరుగుతాయి చూడు, అదే సూత్రం. స్టీమ్ ఎజెక్టర్లతో (ఆవిరి ధారతో లోపలి వాయువుల్ని బయటికి లాగేసే పరికరాలతో) పీడనం బాగా దించేస్తే, మామూలుగా 500 పైన మరిగే బరువైన నూనె భాగం, అంటే గ్యాస్ ఆయిల్ కూడా విరక్కుండానే ఆవిరవుతుంది. ఫొటోల్లో ఆ కాలమ్ అంత లావుగా ఎందుకుంటుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది, పీడనం తగ్గితే ఆవిరికి చాలా ఎక్కువ చోటు కావాలి మరి.