ఇంట్లో సర్వర్ పెడతానంటున్న చిన్నాకి

చిన్నా,

సర్వర్‌లో, అంటే రోజంతా నడిచే ఇంటి కంప్యూటర్‌లో, పెడతానని నువ్వు పంపిన జాబితా చూశాను. ఫోటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, యాడ్స్ ఆపడానికి పైహోల్, పాస్‌వర్డ్‌లకి వాల్ట్‌వార్డెన్, ఆఖరికి సొంత మెయిల్ సర్వర్ కూడానట! ముందు ఆ మెయిల్ కొట్టెయ్. ఇంటి కనెక్షన్లలో మెయిల్ వెళ్లే దారి, 25వ పోర్ట్‌ని, చాలాచోట్ల బయటికి పోనివ్వరు. పోనిచ్చినా, ఇంటి ఐపీ (నెట్‌లో మీ ఇంటి అడ్రస్) నుంచి వచ్చిన మెయిల్ చాలావరకు అవతలివాళ్ల స్పామ్‌లోకే పోతుంది. పాస్‌వర్డ్‌లు కూడా ఇప్పుడే వద్దు. పోయినా ఎవరూ ఏడవనిది ఒక్కటి ముందు పెట్టు. జెల్లీఫిన్ అందుకు సరిపోతుంది. ఫోటోలు అన్నిటికంటే చివర.

మెషీన్ కొత్తది కొనకు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆఫీసులు వదిలించుకున్న చిన్న డెల్, లెనోవో, హెచ్‌పీ డబ్బాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. నేను చూసి పంపిస్తాను. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్‌కి తక్కువది వద్దు. ఆ చిన్న బోర్డ్ కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై మీద నీకున్న మోజు అర్థమవుతుంది గానీ, మెమరీ కార్డ్ మీద రోజంతా డేటాబేస్ రాస్తూ ఉంటే అది ఎన్నాళ్లో ఉండదు. కరెంటు లెక్క కూడా చూసుకో. 15 వాట్ల డబ్బా నెలంతా నడిస్తే 11 యూనిట్లు. నీ పాత గేమింగ్ పీసీ ఊరికే కూర్చుని 60 వాట్లు తాగినా 43 యూనిట్లు అవుతుంది. బిల్లు కట్టేది మీ నాన్న.

రాజమండ్రి రోహిణి కార్తె గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. స్లాబ్ కింద అటక మీద పెట్టావో, మే నెలలో డిస్క్ ఉడికిపోతుంది. హాల్లో, గాలి ఆడేచోట, తుడవడానికి చెయ్యి అందేలా పెట్టు.

అసలు చూసుకోవాల్సింది కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందన్నది. మీ ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడు. మామూలు మోడ్‌లో అయితే లైన్ మారే ఆ కాస్తలోనే కంప్యూటర్ ఆగిపోవచ్చు. రూటర్‌నీ, ఫైబర్ డబ్బానీ కూడా ఆ లైన్ మీదే పెట్టు. తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, ఏసీ రికవరీ అనో ఆఫ్టర్ పవర్ లాస్ అనో ఉన్నదాన్ని పవర్ ఆన్‌కి మార్చు. ఇప్పుడు పరీక్ష. మానిటర్, కీబోర్డ్ తీసెయ్. డబ్బాని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టు. నువ్వు ఇంకే బటనూ ముట్టుకోకుండా మీ అమ్మ టీవీలో సినిమా ఆడాలి. ఆడలేదంటే, డాకర్‌కి (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపేదానికి) సూచనలు రాసే కంపోజ్ ఫైల్లో రీస్టార్ట్ లైన్ మర్చిపోయి ఉంటావు, లేదా యూఎస్‌బీ డిస్క్ మౌంట్ కాకముందే, అంటే సిస్టమ్‌కి జతపడకముందే, డాకర్ లేచి ఉంటుంది. రెండోది మహా చెడ్డది. కంటైనర్‌కి ఖాళీ ఫోల్డర్ కనిపించి, సినిమాలన్నీ పోయాయనుకుంటుంది. డిస్క్‌ని దాని సొంత గుర్తింపు నంబరు, యూయూఐడీతో మౌంట్ చేసి, అది వచ్చాకే డాకర్ లేచేలా రాసుకో.

బయటి నుంచి చూడాలంటే ఎలా అని అడిగావు. రూటర్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) చూడు. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతున్నారన్నమాట. మన ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో, అంటే బయటివాళ్లకి రూటర్‌లో దారి తెరవడంతో, ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. నన్నడిగితే అదే మంచిది, తలుపులు బార్లా తీసే అవకాశం నీకు ఉండదు. మీ పరికరాల మధ్య ప్రైవేట్ నెట్ కట్టే టెయిల్‌స్కేల్ వేసి మీ ముగ్గురి ఫోన్లూ అందులో చేర్చు. లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతే. అదిచ్చే అడ్రస్‌లు కూడా ఆ 100.64–100.127 వరసలోవే, చూసి కంగారుపడకు.

ఇంకోటి. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌తో పోర్ట్ మూసేశానని ధీమాగా ఉండకు. కంపోజ్‌లో పోర్ట్ రాశావంటే డాకర్ ఆ ఫైర్‌వాల్‌ని లెక్కచెయ్యకుండా దారి తెరిచేస్తుంది. టీవీకీ ఫోన్లకీ కావాల్సినవి తప్ప మిగతావాటికి ముందు 127.0.0.1 (ఆ మెషీన్‌కి మాత్రమే అందే అడ్రస్) తగిలించు. డేటాబేస్‌కైతే ఆ లైనే అక్కర్లేదు.

పైహోల్ నీ ల్యాప్‌టాప్ వరకే పెట్టుకో. సైట్ల అడ్రస్‌లు వెతికే పని దాని మీదుగానే జరుగుతుంది. ఇల్లంతటికీ పెట్టి, నువ్వు కాలేజీలో ఉండగా అది ఆగితే, మీ అమ్మకి "నెట్ పోయింది" అన్నదొక్కటే తెలుస్తుంది.

ఇక ఫోటోలు. ఒకే డేటాని రెండు డిస్కుల్లో రాసే రెయిడ్ ఉంటే బ్యాకప్ ఎందుకన్నావు. డిస్క్ కాలిపోతే రెయిడ్ ఆదుకుంటుంది. నువ్వు పొరపాటున డిలీట్ కొడితే మాత్రం రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిపేస్తుంది. పైగా ఇమ్మిచ్‌లో ఫోటోల ఫోల్డర్ ఒక్కటీ కాపీ చేస్తే చాలదు. ఆల్బమ్‌లు, ఎవరి మొహం ఎవరిదని నువ్వు రాసిన పేర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. రోజూ తెల్లవారుజామున రెండింటికి ఇమ్మిచ్ తనంతట తానే డంప్ (ఆ డేటాబేస్ కాపీ) తీసి బ్యాకప్స్ ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ డంప్‌తో సహా ఫోటోలన్నీ రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో బయటి డిస్క్‌కి పంపు. ఆ తర్వాత వేరే ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఇమ్మిచ్ పెట్టి, ఆ బ్యాకప్‌లోంచే అన్నీ తిరిగి తెప్పించు. తాతయ్య షష్టిపూర్తి ఆల్బమ్ పేర్లతో సహా తెరుచుకునేదాకా గూగుల్లోంచి ఒక్క ఫోటో కూడా తీసెయ్యకు.

రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్ తెరవడం ఎవరి తరమూ కాదు. కాగితం మీద రాసి మీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పెట్టు. సర్వర్‌లో మాత్రమే దాచుకుంటే, సర్వర్ పోయినరోజు అదీ పోతుంది.

ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. అది మా ఇంట్లో పెడదాం. సంక్రాంతికి వచ్చేటప్పుడు నా డిస్క్ తెస్తాను, మొదటి కాపీ మీ ఇంట్లోనే కేబుల్‌తో ఎక్కిద్దాం. తర్వాత కొత్త ఫోటోలు మాత్రమే నెట్ మీద వస్తాయి కాబట్టి మీ లైన్ మీద భారం పడదు. ఈలోగా డెబియన్ అనే లినక్స్ వేసి జెల్లీఫిన్ నడిపించు. ప్లగ్ పీకి పెట్టాక ఏమైందో ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ