పెళ్లికి ముందు కొన్న ఫ్లాటు: ఒప్పందం కన్నా వీలునామా ముఖ్యం

మీ జీతంతో కూకట్‌పల్లిలో కొన్న ఫ్లాటును కాపాడుకోవడానికి కాబోయే వరుడితో ఒప్పందం రాయించుకోవాలా అని అడిగారు. హిందూ వివాహాల్లో అలాంటి పత్రం ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవనే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవడం కష్టం. పైగా గోవాలో మాదిరిగా మన దగ్గర పెళ్లితోనే ఆస్తి ఉమ్మడి కాదు కనుక, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆ ఫ్లాటుకు మీరే సంపూర్ణ హక్కుదారు.

అసలు చిక్కు 15వ సెక్షన్‌లో ఉంది. శుభకార్యం ముందు ఈ మాట ఎత్తుతున్నందుకు మన్నించండి: భర్త, సంతానం లేని స్థితిలో, వీలునామా రాయకుండా మీరు మరణిస్తే, మీ స్వార్జితం కన్నవారికి కాక ముందుగా భర్త వారసులకే వెళుతుంది. అందువల్ల ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయండి. మిగిలిన ఈఎంఐలను మీ సొంత ఖాతా నుంచే కట్టి, ఆ స్టేట్‌మెంట్లను సేల్ డీడ్‌తో పాటు భద్రపరచండి.