మ్యాచ్ రోజు మనుషులు రావడం లేదంటే

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టేడియంలో మ్యాచ్ రోజు సిబ్బంది బాధ్యత మొత్తం నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. కానీ "120 మందిని పిలిస్తే 80 మందే వచ్చారు పెద్దమ్మా, మనుషులు దొరకడం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. 26 ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. మొదట గేటు దగ్గర నిలబడ్డాను, తర్వాత గేట్ల దగ్గర ఎవరు నిలబడాలో చూసుకున్నాను. ఈ మాట ప్రతి సీజన్‌లోనూ విన్నాను, నేనూ అన్నాను. చివరికి నాకు అర్థమైంది ఇదీ: మనుషులు ఉన్నారు. మనం ఇచ్చే డబ్బు కొన్ని గంటలకు, వాళ్లకు పోయేది ఒక రోజంతా. అందుకే ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రారు.

నమ్మకం కుదరకపోతే ఒక మనిషి మ్యాచ్ రోజుని గుమ్మం దాటినప్పటి నుంచి తిరిగి గుమ్మం చేరేదాకా కాగితం మీద రాసి చూడు. రాత్రి ఏడింటికి ఆట అనుకో. నాలుగింటికి గేట్లు తెరుస్తారు కాబట్టి రెండింటికల్లా రిపోర్ట్ చెయ్యమంటాం. అంటే ఆ మనిషి పన్నెండున్నరకే ఇంట్లో బయల్దేరాలి. సిబ్బంది గేటు దగ్గర తనిఖీకి ఒక లైను, బ్యాడ్జికి ఒక లైను, యూనిఫామ్‌కి ఇంకో లైను, ఆ తర్వాత బ్రీఫింగ్. చాలాచోట్ల అప్పటిదాకా జీతం లెక్క మొదలే కాదు. పదకొండింటికి ఆట అయిపోతే లెక్క కూడా అక్కడితో ఆపేస్తారు. కానీ జనం బయటికి వెళ్లేదాకా గేటు మనిషి కదలకూడదు, నగదూ స్టాకూ సరిచూసి అప్పజెప్పేదాకా తినుబండారాల కౌంటర్ మనిషి కదలకూడదు. ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. కాగితం మీద షిఫ్ట్ ఏడు గంటలు, మనిషికి పట్టింది పదమూడు గంటలు. ఆ ఏడు గంటల కూలిని పదమూడుతో భాగించు. ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు.

పైగా ఇది ఎవరికీ పూర్తి బతుకుతెరువు కాదు. అమెరికాలో పెద్ద బేస్‌బాల్ జట్టుకు సొంత మైదానంలో సీజన్‌కు 81 ఆటలుంటాయి. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్టుకు 8 లేదా 9. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బుకు 19, ఐపీఎల్ జట్టుకు లీగ్ దశలో 7. ఏడాదికి ఏడు రోజుల పనిని నమ్ముకుని ఎవరు కూర్చుంటారు? మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంకో ఉద్యోగమో చదువో ఉంటుంది. మ్యాచ్‌కి మూడు రోజుల ముందు ఫోన్ చేసి రమ్మంటే అక్కడ సెలవు దొరకదు. ఆటల తేదీలు ఖరారైన వారంలోనే సీజన్ మొత్తానికి రోస్టర్, అంటే ఎవరు ఏ రోజు రావాలో చెప్పే పట్టిక, వేసి అందరికీ పంపు. తర్వాత మార్పులుంటే ఉండనీ. దగ్గర్లో ఇంకో మైదానమో కచేరీలు జరిగే హాలో ఉంటే అక్కడ నీలాంటి పని చేసేవాళ్లతో మాట్లాడు. ఇద్దరూ ఒకే మనుషులకు పని పంచితే వాళ్లకు నెలలో నాలుగు రోజులు కాదు, పదిహేను రోజులు పని ఉంటుంది. అప్పుడు నిన్ను వదిలి వెళ్లరు.

చట్టం చూసుకుంటుందిలే అని మాత్రం అనుకోకు. అమెరికా సమాఖ్య చట్టంలో ఏడాదికి ఏడు నెలలకు మించి నడవని వినోద సంస్థలకు కనీస వేతనం, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. సీజన్ పని చేసే మనిషికి రక్షణ ఎంత పలచగా ఉంటుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నీ స్టేడియానికి ఏ నిబంధనలు వర్తిస్తాయో కార్మిక శాఖ కాగితాలు తెప్పించుకుని నువ్వే చదువు. మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్లు చెప్పిన మాట మీద వదిలెయ్యకు.

వాన రోజు సంగతి కూడా చెప్పాలి. నేను సూపర్‌వైజర్ అయిన రెండో ఏడు అనుకుంటా, గేట్లు తెరిచే ముందే ఆట రద్దయింది. అప్పటికి 60 మంది యూనిఫామ్‌లో నిలబడి ఉన్నారు. ఆట లేదు కాబట్టి డబ్బులు కూడా లేవని చెప్పి పంపెయ్యమన్నాడు కాంట్రాక్టర్. నేను ఎదురు చెప్పలేదు. వాళ్ల మొహాలు చూస్తూ ఆ మాట చెప్పింది నేనే. తర్వాతి ఆటకు ఆ అరవైలో సగం మంది కూడా రాలేదు. నాతో పదేళ్లు పనిచేసిన ఒక పెద్దాయన ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ రోజు చేసిన తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే నీ కాంట్రాక్టులో మొదటి షరతుగా ఇది రాయించు: రిపోర్ట్ చేసిన మనిషికి ఆట జరిగినా జరగకపోయినా కనీసం నాలుగు గంటల కూలి ఇవ్వాలి. జీతం లెక్క బ్రీఫింగ్‌తో కాదు, సిబ్బంది గేటు దాటిన నిమిషం నుంచి మొదలవ్వాలి. డబ్బు నెలాఖరుకు కాదు, వారం తిరక్కుండా అందాలి. ఈ మూడూ సాధిస్తే గంట రేటు పెంచకముందే నీ రోస్టర్ సగం నిండుతుంది. అయినా రేటు పెంచమని అడగడం ఆపకు.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు జాలి కథలు చెప్తే తల ఊపి పంపేస్తారు. అంకెలు తీసుకెళ్లు. బ్రిటన్‌లో స్టేడియంల భద్రతకు పాటించే మార్గదర్శకాల్లో ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) గుండా గంటకు 660 మందికి మించి లెక్క వెయ్యకూడదని ఉంటుంది. నీ దగ్గర పది టర్న్‌స్టైళ్లుండి, మనుషులు లేక మూడు మూసేశావనుకో. గంట గడిచేసరికి 1980 మంది లోపలికి రావాల్సినవాళ్లు బయటే ఉంటారు. ఆట మొదలైన కేక వినపడగానే ఆ గుంపు ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపులాటకు ఎదురుగా ఉండేది ఆ రోజే మొదటిసారి డ్యూటీకి వచ్చిన కుర్రాడు.

2021 జులై 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరో ఫుట్‌బాల్ ఫైనల్ రోజు దాదాపు 2000 మంది టికెట్ లేకుండా లోపలికి చొరబడ్డారు. తర్వాత వేసిన విచారణ నివేదిక చాలా కారణాలు చెప్పింది. కరోనా కాలంలో అనుభవమున్న సిబ్బంది పని వదిలి వెళ్లిపోవడం వల్ల అక్కడి ఏర్పాట్లు బలహీనపడ్డాయన్నది అందులో ఒకటి. పాత మనిషిని నిలుపుకోవడానికి ఎంతవుతుందని పైవాళ్లు అడిగితే ఈ నివేదిక సంగతి చెప్పు.

కౌంటర్ల దగ్గరా ఇదే లెక్క. ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. ఒక మనిషి నిమిషానికి ఒకరికి ఇస్తే పదిహేను మంది. ఒక కౌంటర్‌కి ఇద్దరు రాకపోతే ముప్పై మంది జేబులో డబ్బుతోనే సీటుకు తిరిగి వెళ్తారు. అలాంటి కౌంటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసి, ఆ పోయిన అమ్మకాన్ని నువ్వు అడిగే కూలి పెంపు పక్కన పెట్టి చూపించు.

మనుషులకు బదులు మిషన్లు పెడదామంటారు. 2025 జులైలో బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో తినుబండారాల కౌంటర్ల సిబ్బంది మూడు రోజులు సమ్మె చేశారు. 1912లో తెరిచిన ఆ మైదానంలో అది మొదటి సమ్మె. వాళ్ల గొడవ కూలి గురించి, తమ చోట్లోకి వచ్చే సెల్ఫ్ చెకౌట్ మిషన్ల (కొనేవాళ్లే బిల్లు వేసుకునేవి) గురించి కూడా. మిషన్ బిల్లు వెయ్యగలదు, కాదనను. లైనులో కళ్లు తిరిగి పడిపోయిన ముసలాయన్ని అది చూడదు. తాగి గొడవ చేసేవాడిని గుర్తుపట్టి సెక్యూరిటీకి చెప్పదు. సేవా సంస్థల వాలంటీర్లను కౌంటర్లలో పెట్టి, అమ్మకాల్లో కొంత ఆ సంస్థకు ఇచ్చే పద్ధతి కూడా అమెరికాలో ఉంది. మంచి పనికి డబ్బు సమకూరుతుంది, నిజమే. కానీ జీతం మీద బతికే మనిషి చోటు నింపడానికి నువ్వు ఆ దారి పట్టకు.

ఎంత చేసినా కొన్ని రోజులు మనుషులు తక్కువే వస్తారు. అప్పుడు దాచకు. మధ్యాహ్నం మీటింగ్‌లోనే భద్రతాధికారికి ఎంతమంది వచ్చారో ఉన్నదున్నట్టు చెప్పు. ఐదు కౌంటర్లను ఇద్దరిద్దరితో నడిపించి వాళ్ల ప్రాణం తియ్యకు, రెండు మూసేసి మూడింటిని సరిగ్గా నడుపు. గేట్ల దగ్గర మాత్రం ఎప్పుడూ తగ్గించకు, అవసరమైతే కౌంటర్ల నుంచి మనుషుల్ని తెచ్చుకో. కొత్తవాళ్లను ఒంటరిగా నిలబెట్టకు, పక్కన ఒక పాత మనిషి ఉండాలి. ఆ పాత మనిషికి నేర్పినందుకు నాలుగు డబ్బులు ఎక్కువ ఇప్పించు.

మంచినీళ్లు, కూర్చోవడానికి కుర్చీ, బాత్రూమ్‌కి వెళ్లే వీలు గురించి నీకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి ఆడవాళ్లు ఇంటికెలా వెళ్తారన్నది మాత్రం బయల్దేరే ముందు కాదు, రోస్టర్ వేసే రోజే చూసుకో. ఒక వ్యాన్ మాట్లాడినందుకు నాకు ఆ సీజన్ చివరిదాకా పదకొండు మంది నిలిచారు.

ఆ రాని నలభై మందికి ఫోన్ చేశావా? రేపు పగటిపూట చెయ్యి, పని చేసుకునేవాళ్లు కాబట్టి భోజనం వేళకు చూసి చెయ్యి. ఎందుకు రాలేదని నిలదీసినట్టు ఉండకూడదు. "ఏం మారిస్తే మళ్లీ వస్తారు?" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో. పెద్దవాళ్లను గారూ అని పిలువు. ఆ కాగితం నాకు పంపు. పైవాళ్లతో మీటింగ్‌కి ముందు ఇద్దరం కూర్చుని చదువుదాం.

ప్రేమతో,
పెద్దమ్మ