మియాటా కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్ మాజ్దా మియాటా కొందామనుకుంటున్నానని, ఏ సంవత్సరం మోడల్ అయితే మంచిదని అడిగావు. నీ బడ్జెట్‌లో అమెరికాలో దొరికే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంతకన్నా మంచిది లేదని నా నమ్మకం. అయితే చాలామంది పాతదాని నుంచి కొత్తదాని దాకా ఎన్ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ అని నాలుగు తరాలు చూసి, అందులో ఒకటి నచ్చగానే బేరం మొదలుపెడతారు. నువ్వు అలా చెయ్యకు. ఒకే తరంలో కూడా ఒక ఏడాది బండికీ పక్క ఏడాది బండికీ బోలెడు తేడా ఉంటుంది.

ఉదాహరణకి 2018, 2019 మోడళ్లే చూడు. పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేవు. 2016లో వచ్చిన ఎన్‌డీకి రెండు లీటర్ల ఇంజిన్, 155 హార్స్‌పవర్. 2019లో అదే ఇంజిన్‌లో పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు తేలిక చేసి, గాలి బాగా ఆడేలా మార్చి 181కి తెచ్చారు. నిమిషానికి 6,800 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర ఆగిపోయే ఇంజిన్ 7,500 దాకా వెళ్తుంది. హైవే ర్యాంప్ మీద గట్టిగా తొక్కితే, పాతది ఇక చాలనే చోట కొత్తది ఇంకా లాగుతూనే ఉంటుంది. స్టీరింగ్‌ను మన వైపు లాక్కునే వీలు కూడా 2019 నుంచే వచ్చింది. నీ ఎత్తు వాళ్లకి అది చాలా అవసరం. పైగా 2016, 2017 మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని లోపల దెబ్బతిన్నాయి. అవి చూస్తే గేర్‌బాక్స్ మార్చారా, రసీదు ఉందా అని తప్పకుండా అడుగు. డబ్బు సరిపోతే నా ఓటు 2019కే. 2024లో స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని మళ్లించే భాగం, మార్చారు, స్క్రీన్ పెద్దది చేశారు. బాగానే ఉన్నాయి, కానీ వాటికోసం లోన్ పెంచుకోవద్దు.

అంత పెట్టలేకపోతే 2009 నుంచి వచ్చిన ఎన్‌సీ చూడు. ఎన్‌సీ లావుగా ఉందని అందరూ చిన్నచూపు చూస్తారు, అది అన్యాయం. లోపల చోటు బాగానే ఉంటుంది. కొన్ని వేల మైళ్లకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ గొడవ లేదు, దాని బదులు చైన్ ఉంటుంది. 2009లో క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, ఫోర్జ్ చేసిన (కొట్టి గట్టిపరిచిన) దానికి మార్చి ఇంజిన్‌ను ఇంకా గట్టి చేశారు. బటన్ నొక్కితే మడతపడే గట్టి టాప్ 2007 నుంచి దొరుకుతుంది. డిక్కీలో చోటు తినదు.

ఎన్‌బీ అంటే 1999 నుంచి 2005 వరకు. వెనక గాజు అద్దం అందులోనే వచ్చింది. 2001 మోడల్‌కు మొదట 155 హార్స్‌పవర్ అని ప్రకటించి, తర్వాత 142 అని దిద్దుకున్నారు. కావాలంటే బండి వెనక్కి ఇచ్చెయ్యమని కొన్నవాళ్లకు చెప్పారు కూడా. ఇప్పటికీ అమ్మకం ప్రకటనల్లో ఆ 155 కనిపిస్తే నమ్మకు.

లైట్లు పైకి లేచే తొలి తరం ఎన్ఏ మీద నీకు మనసుందని తెలుసు. 1990లో 1.6 లీటర్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్, పెద్ద బ్రేకులు, ఇద్దరికీ ఎయిర్‌బ్యాగ్‌లు. 1990 నుంచి 1991 మధ్య దాకా వచ్చినవాటిలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉంటుంది, అక్కడ పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) వదులై క్రాంకే పాడయ్యే ప్రమాదం ఉంది. బానెట్ ఎత్తి పుల్లీ చూడు. నాలుగు గాట్లుంటే పాతది, ఎనిమిది ఉంటే మార్చినది.

మొదటి రెండు తరాల్లో దేన్ని చూసినా తుప్పు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనకున్న రెండు సన్న గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు తలుపు కింది పట్టీలోకి దిగి లోపలినుంచే తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రం ముందు, ఆ పట్టీ కింది అంచు మీద వేళ్లతో గట్టిగా నొక్కుతూ పో. ఎక్కడైనా బుడిపెలా తగిలినా, పెళుసుగా పొడి రాలినా ఆ బండి వదిలెయ్. సీట్ల వెనక కార్పెట్ తడిగా ఉన్నా అంతే. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకు మార్చాలి. రసీదు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకుని బేరం ఆడు.

ఇంకో మాట. ఎన్‌డీ డిక్కీ 130 లీటర్లే. అక్కా బావా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి దీన్ని వేసుకెళ్తే ఒక్క పెద్ద సూట్‌కేసు కూడా పట్టదు, పైగా కూర్చునే చోటు ఒక్కరికే. అందుకని ఇప్పుడున్న కరోలా అమ్మొద్దు. ఇన్సూరెన్స్ రెండు బళ్లకీ కలిపి ఎంతవుతుందో ముందే కనుక్కో.

నచ్చిన బండి విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) నాకు మెసేజ్ పెట్టు, పాత యాక్సిడెంట్లు, టైటిల్ (యాజమాన్య పత్రం) చరిత్ర చూసి చెప్తాను. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి చూపించమను. నువ్వు రాకముందే వేడి చేసి పెడితే, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చెయ్.

మీ మామయ్య