వరద మెసేజ్‌లు, యాప్‌ల వల్ల జనంలో పర్యావరణం పట్ల బాధ్యత పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ఎలాంటి సమాచారం అన్నది ముఖ్యం. మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. అక్కడ చూసిందే చెబుతాను.

జూలై వచ్చిందంటే మా ఊళ్లో అందరి నోటా గోదావరి నీటిమట్టం అడుగుల లెక్కే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బడి మొహం చూడని మా నాయనమ్మ కూడా ఫోన్ చేసి ‘భద్రాచలంలో ఎన్నడుగులుందిరా?’ అని అడుగుతుంది. అక్కడ 53 దాటిందంటే పశువుల్ని ఎప్పుడు ఏటిగట్టు ఎక్కించాలో ఆవిడే చెప్పేస్తుంది. 2022 జూలైలో అక్కడ 71 అడుగులు దాటినప్పుడు అందరికీ టెన్షనే. అయినా ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగలేదు, సామాన్లు ముందే సర్దుకున్నాం.

అదే ఊళ్లో రొయ్యల చెరువుల నీళ్లు మురుగు కాలువలోకి వదులుతుంటే ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగలేదు. బాధ లేక కాదు. బోరు నీళ్లు ఉప్పగా అయిపోయాయని ప్రతి ఇంట్లో అనుకునేవాళ్లమే. ఎంత ఉప్పు, ఏ వీధిలో అంటే చెప్పడానికి మా దగ్గర లెక్క లేదు. గ్రామసభలో ఎత్తితే ‘మీకలా అనిపిస్తోందండి’ అనేవారు.

తర్వాత కుర్రాళ్లం కలిసి చిన్న టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది, కొన్నాం. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్వాలేదని ప్రమాణం. కొన్ని బోర్లలో అదీ దాటింది. వీధుల వారీగా వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆ ఉప్పు చెరువుల వల్లనో, సముద్రం దగ్గరవడం వల్లనో, మనం తోడేయడం వల్లనో మీటర్ చెప్పదు. అయినా మాట తీరు మారింది. చెరువులున్న మా బాబాయే ‘నీళ్లు వదిలే ముందు ఒకచోట నిలవబెట్టాలి’ అన్నారు. సభలో పరీక్షలు చేయించమని అడిగింది ఎక్కువగా ఆడవాళ్లే.

ఫోన్‌కి వచ్చే ‘అప్రమత్తంగా ఉండండి’ మెసేజ్ ప్రాణాలు కాపాడుతుంది, కాదనను. కానీ దానికి మనం తిరిగి చెప్పే వీలుండదు. ఆ వీలున్నది పెద్ద ప్రాజెక్టుల ప్రజాభిప్రాయ సేకరణలో. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలని 2006 నుంచీ నిబంధన ఉంది. ఆ తెలుగు కాగితం వెబ్‌సైట్‌లో ఏ మూలో ఉంటే చాలదు, పంచాయతీ ఆఫీసు దగ్గర చదివి వినిపించాలి. మీ ఊళ్లో అలాంటి నోటీసు వస్తే ముందుగా ఆ సారాంశం అడిగి తీసుకోండి.