ఎక్స్ఛేంజ్ షేరు ఆర్‌ఎస్‌ఐ 78కి వచ్చింది, అమ్మేయాలా?

ప్రశ్న: స్టాక్ ఎక్స్ఛేంజ్ నడిపే కంపెనీ షేరు ఒకటి నా దగ్గర ఉంది. మూడు వారాలుగా దాని ఆర్‌ఎస్‌ఐ (రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్) 70 పైనే ఉంటోంది, ఇప్పుడు 78 చూపిస్తోంది. ఓవర్‌బాట్ అయిపోయింది, అంటే అతిగా కొనేశారు, అమ్మేయమంటున్నారు ఫ్రెండ్స్. ఎంఏసీడీ (రెండు సగటు ధరల తేడాను చూపే ఇండికేటర్) చూస్తే ఇంకా పైకే ఉంది. దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి, ఎందుకంటే మీ రెండు ఇండికేటర్లూ ఒకే మాట చెబుతున్నాయి, షేరు జోరుగా పెరుగుతోందని. ఆర్‌ఎస్‌ఐ అనేది వెల్స్ వైల్డర్ 1978లో ఇచ్చిన, 0 నుంచి 100 మధ్య కదిలే లెక్క. గత 14 రోజుల్లో షేరు సగటున ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, ఈ రెండింటి నిష్పత్తే అందులో ఉన్నదంతా. పెరుగుదల ఏడు పాళ్లు, తగ్గుదల మూడు పాళ్లు ఉంటే 70 వస్తుంది. మీ 78 అంటే ఈమధ్య కదలికలో 78 పాళ్లు పైకి, 22 పాళ్లు కిందికి అన్నమాట. షేరు ఖరీదైపోయిందనీ, రేపు పడుతుందనీ అందులో ఎక్కడా లేదు. బలంగా పెరుగుతున్న షేరు వారాల తరబడి 70 పైన ఉండటం మామూలే, పడినప్పుడు కూడా 40, 50 మధ్య ఆగి మళ్లీ లేస్తుంటుంది. అందుకే 70 దాటిందని అమ్మేయడాన్ని నేను ఒప్పుకోను. ఇలాంటి షేరులో 40 కిందికి జారడం మొదలైతే అప్పుడు మాత్రం కంగారు పడాల్సిందే.

అసలు ఎక్స్ఛేంజ్ కంపెనీల్లో మొమెంటం, అంటే ధర కదలికలోని జోరు, ఇంత గట్టిగా ఎందుకుంటుందో చూడండి. వాటి ఆదాయంలో పెద్ద భాగం లావాదేవీల మీద వచ్చే చార్జీలు. సర్వర్లు, సాఫ్ట్‌వేర్, సిబ్బంది ఖర్చు ట్రేడింగ్ రెట్టింపైనా రెట్టింపవదు, కాబట్టి టర్నోవర్ (ఎక్స్ఛేంజ్‌లో జరిగే మొత్తం వ్యాపారం) పెరిగిందంటే అదనంగా వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం నేరుగా లాభంలోకి వెళ్తుంది. టర్నోవర్ తగ్గితే ఇదే లెక్క తిరగబడుతుంది, ఖర్చులు అలాగే ఉంటాయి, లాభం గబగబా కరిగిపోతుంది. మార్కెట్ ఉత్సాహంగా ఉంటే జనం ఎక్కువగా ట్రేడ్ చేస్తారు, దాంతో ఎక్స్ఛేంజ్ లాభం పెరుగుతుంది, షేరూ పరుగెడుతుంది. మీ చార్టులో కనిపిస్తున్న వేగం వెనక ఉన్నది ఇదే, కాబట్టి ఆర్‌ఎస్‌ఐ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకుండా ఆ టర్నోవర్ ఎటు పోతోందో కూడా చూడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చార్టు కింద కనిపించే వాల్యూమ్ ఆ కంపెనీ షేర్లు ఎన్ని చేతులు మారాయో చెబుతుంది. నేను చూడమంటున్నది ఆ ఎక్స్ఛేంజ్ వేదిక మీద జరిగే మొత్తం వ్యాపారం, అది వేరే లెక్క. అమెరికాలోని సీఎంఈ, సీబో, ఐసీఈ లాంటి పెద్ద ఎక్స్ఛేంజ్‌లు ఈ అంకెలను నెలనెలా బయటపెడతాయి. షేరు కొత్త గరిష్ఠానికి వెళ్లి, ఆర్‌ఎస్‌ఐ మాత్రం పాత శిఖరాన్ని అందుకోలేదనుకోండి, దాన్ని డైవర్జెన్స్ అంటాం. అది ఒక్కటే వస్తే నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే బలమైన ట్రెండ్‌లో అలాంటివి ఎన్నో వస్తాయి, పోతాయి. అదే సమయంలో నెలవారీ టర్నోవర్ కూడా రెండు మూడు నెలలుగా నెమ్మదిస్తుంటే మాత్రం కొంత భాగం తగ్గించుకోవడం మంచిది. ఆప్షన్స్ టర్నోవర్ చూసేటప్పుడు నోషనల్ అంకె (కాంట్రాక్టు వెనక ఉన్న మొత్తం విలువ) చూసి మురిసిపోవద్దు, ప్రీమియం టర్నోవర్ (ఆప్షన్ కొనడానికి నిజంగా చెల్లించిన డబ్బు) చూడండి, చార్జీలు సాధారణంగా దాని మీదో కాంట్రాక్టుల సంఖ్య మీదో వస్తాయి.

వ్యాపారం పెరిగినంత మాత్రాన షేరు వెంటనే లేస్తుందనీ అనుకోవద్దు. 2020 మార్చిలో కరోనా భయంతో మార్కెట్లు కుప్పకూలినప్పుడు సీఎంఈలో ట్రేడింగ్ రికార్డు స్థాయికి వెళ్లింది, అయినా దాని షేరు మిగతా మార్కెట్‌తో పాటే పడింది.

ఇక ఏ ఇండికేటరూ ముందుగా చెప్పలేనిది నియంత్రణ సంస్థ నుంచి వచ్చే దెబ్బ. 2024 ఏప్రిల్ చివర్లో ఇదే జరిగింది. ఆప్షన్స్ మీద కట్టే రెగ్యులేటరీ ఫీజును ప్రీమియం మీద కాకుండా నోషనల్ విలువ మీద లెక్కగట్టి చెల్లించాలని సెబీ బీఎస్‌ఈకి చెప్పింది. వారాంతంలో ఈ సంగతి బయటికి వచ్చింది, సోమవారం, అంటే ఏప్రిల్ 29న, షేరు ఒక్కరోజులోనే పది శాతానికి పైగా పడింది. ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ రెండూ జరిగిపోయిన ధరలనే చూస్తాయి, రాబోయే ఉత్తర్వు వాటికి కనిపించదు. ఈ రంగం షేరు ఎంత బాగా పరుగెడుతున్నా ఉన్న డబ్బంతా అందులో పెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పైగా అలా గ్యాప్‌డౌన్ అయిన రోజున, అంటే ముందురోజు ధర కంటే బాగా కిందే మొదలైన రోజున, మీరు పెట్టుకున్న స్టాప్‌లాస్ (ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) ధర కూడా దొరకదు, ఇంకా కిందే అమ్ముడవుతుంది.

ప్రశ్న: పది శాతం పడే వార్త ఏదీ లేదు, అయినా ఒక యాప్‌లో బీఎస్‌ఈ షేరు పాత చార్టు చూస్తే 2025 మేలో ఆర్‌ఎస్‌ఐ ఒక్కసారిగా అడుగుకు పడిపోయినట్టు ఉంది. ఇంకో యాప్‌లో అలా లేదు. ఏది నిజం?

జవాబు: రెండోదే. బీఎస్‌ఈ ఆ నెలలో ఒక షేరుకు రెండు బోనస్ షేర్లు ఇచ్చింది, మే 23 రికార్డు తేదీ (ఎవరికి బోనస్ ఇవ్వాలో తేల్చే రోజు). ఒక షేరు మూడు షేర్లయింది కాబట్టి ధర దాదాపు మూడో వంతుకు వచ్చింది, ఎవరికీ నష్టం లేదు. మీ మొదటి యాప్ పాత ధరలను ఆ మేరకు సవరించలేదు, దాంతో ఆ ఒక్కరోజే షేరు మూడింట రెండొంతులు పడినట్టు లెక్కేసింది. బోనస్, స్ప్లిట్ ఇచ్చిన ఏ కంపెనీకైనా సవరించిన ధరలతోనే ఇండికేటర్లు చూడండి.

ప్రశ్న: రెండు ఎక్స్ఛేంజ్ షేర్లను పోల్చి చూస్తున్నాను. ఒకదాని ఎంఏసీడీ 95, ఇంకోదానిది 6. మొదటిదాంట్లోనే మొమెంటం ఎక్కువ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. 12 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటులోంచి (కొత్త ధరలకు ఎక్కువ బరువిచ్చే సగటు) అలాంటిదే 26 రోజుల సగటు తీసేస్తే వచ్చేదే ఎంఏసీడీ, కాబట్టి అది షేరు ధరతో పాటే పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఐదు వేల షేరుకు 95 అంటే రెండు శాతం కూడా కాదు, రెండొందల షేరుకు 6 అంటే మూడు శాతం. అదే తేడాను శాతంలో చూపించే పీపీఓ అనే ఇండికేటర్ చాలా చార్టుల్లో ఉంటుంది, పోల్చడానికి అది వాడండి. ఒకే షేరును ఐదారేళ్ల వెనక్కి వెళ్లి చూసేటప్పుడు కూడా అదే నయం, లేకపోతే పాత కదలికలన్నీ గీతలా అణిగిపోయి, ఈమధ్యవి మాత్రమే కొండల్లా కనిపిస్తాయి. ఇంకో మాట, ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ, స్టొకాస్టిక్ (ఇలాంటిదే ఇంకో ఇండికేటర్) మూడూ కొనమంటున్నాయని ధైర్యం తెచ్చుకోవద్దు, మూడింటికీ ముడిసరుకు అదే ధర. ఒకటి ఉంచుకుని, రెండోదాని స్థానంలో నెలవారీ టర్నోవర్ అంకెను పెట్టుకోండి.